కళ్ళెము పరుల కప్పగింపవచ్చునా?

మానవుడు తన పనులన్నియు తానే చేసికొని బ్రతుకజాలడు. మనము కట్టు బట్టను మఱియొకరు నేయుచున్నారు. మనము తిను ధాన్యమును మఱియొకరు పండించుచున్నారు. మన బిడ్డలకు చదువు మఱియొకరు చెప్పుచున్నారు. ఇందు తప్పేమియు లేదు. ఒకరి కాయకము వేఱొకరి కాధారమగుటయే సంఘము. అయినను కొన్ని పనులు కలవు. వానిని పరులచేత చేయించినచో చేసినట్లు కాదు. ఆకలి నాది, నాకు బదులు పొరుగువాడు భుజించినచో నా కడుపు నిండదు. తన ఇష్టలింగమునకు తాను చేయవలసిన నిత్యపూజను ఇతరుల చేతి కప్పగింపరాదని బసవేశ్వరుడు బోధించెను. లింగమును కరస్థలమున నుంచుకొనుటలోని అంతరార్థము కూడ నిదియే. అది నడుమ నింకొకరు లేని పూజ.

మఱి పరులచేత చేయింపదగిన దేది? చేయింపరాని దేది? ఈ రెంటికిని నడుమ గీత యెచ్చట? ఈ ప్రశ్న గ్రంథములు చదువుచుండగా నాకు కలుగలేదు. ఒక గుఱ్ఱము వలన కలిగినది. ఆ గుఱ్ఱము నాది కాదు. దానిని త్రిప్పినవాడను నేను కాను. కాని ఆ వ్యవహారమున నేనొక మాట చెప్పితిని. ఆ మాట పొరపాటని తెలియుటకు ఒక మూగజీవము బాధపడవలసి వచ్చినది. అందుచేత దీనిని శరణబంధువుల ముందుంచుచున్నాను.

ప్రశ్న పుట్టిన విధము

విశాఖపట్టణమున నా మేనల్లుడొకడు ఓడలకు సరకు ఎక్కించి దింపు వ్యాపారము చేయుచున్నాడు. నేను పోర్టు ఉద్యోగమునుండి విరమించినవాడను గనుక మా యిరువురకు మాటలు చాలగ నుండును. అతని కుమార్తె గుఱ్ఱపు స్వారి నేర్చుకొనెను. బిడ్డ ముచ్చటపడినదని తండ్రి యొక ఆడుగుఱ్ఱమును కొనెను. ఇంటివద్ద కట్టుటకు చోటు లేదు. భీమునిపట్టణము త్రోవలో నొక లాయము కలదు. నెల కింత యని చెల్లించినచో అచ్చట గుఱ్ఱమునకు చోటును, గడ్డియు, దాణాయు నిత్తురు. రెండేండ్లు ఆ పిల్ల ప్రతి ఉదయమును పోయి తానే స్వారి చేసెను. తరువాత పైచదువునకు హైదరాబాదు పోయెను. గుఱ్ఱము మిగిలెను. మేనల్లునకు స్వారి రాదు. వచ్చినను తీరిక లేదు. కావున లాయములోని యొక కుఱ్ఱవానికి వేఱుగ నెలజీతము కుదిర్చి, ప్రతిదినము గుఱ్ఱమును త్రిప్పు పనిని అప్పగించెను.

ఒకనాడతడు నాతో, "మామయ్యా! నా గుఱ్ఱమును నేను చూచుకొనలేక డబ్బిచ్చి ఇంకొకరిచేత త్రిప్పించుచున్నాను. ఇది తప్పేమో యని మనసున పీకుచున్నది" అనెను. నేను క్షణమైన ఆలోచింపక, "తప్పేమున్నదిరా? నీవు కూలి ఇచ్చుచున్నావు, వాడు పని చేయుచున్నాడు, గుఱ్ఱము తిరుగుచున్నది. లెక్క సరిపోయినది" అంటిని. అతడు ఊరడిల్లెను. నేను చెప్పిన మాట అదియే.

ఈ ఏర్పాటు మన యూరికి కొంత క్రొత్త గాని లోకమునకు క్రొత్త కాదు. ఇంగ్లండులో తమ గుఱ్ఱములను ఇట్టి లాయములలో నుంచువా రనేకులు. కొందరు చోటు మాత్రము తీసికొని, పేడ ఎత్తుట మొదలు స్వారి వఱకు తామే చేసికొందురు. కొందరు సగము పని తాము చేసి సగము లాయమువారికి విడుతురు. కొందరు సమస్తమును డబ్బిచ్చి చేయింతురు. మన హైదరాబాదులోని మలక్‌పేట పందెముల మైదానమున చూడుడు. గుఱ్ఱము సొంతదారు వేఱు, శిక్షకుడు వేఱు, తెల్లవారుజామున దానిని త్రిప్పువాడు వేఱు, పందెమున నెక్కువాడు వేఱు, మాలీషు చేసి దాణా పెట్టు సైసు వేఱు. తన గుఱ్ఱము వీపు నెన్నడును ఎక్కని సొంతదారులు అచ్చట సాధారణము.

గుఱ్ఱమునకు నడక యేల?

ముందుగ ఒక సంగతి తెలిసికొనవలెను. గుఱ్ఱమును త్రిప్పుట వేడుక కాదు, దాని ప్రాణావసరము. గుఱ్ఱము నిలుచుటకు పుట్టిన జంతువు కాదు. బయళ్ళలో స్వేచ్ఛగ నున్నప్పుడు దినములో అధికభాగము కొంచెము కొంచెముగ మేయుచు, అడుగులు వేయుచు క్రోసుల కొలది తిరుగును. దాని డెక్కలోనే ఒక విశేషము కలదు. అడుగు నేల మోపినప్పుడు డెక్క కొంచెము విచ్చును. ఎత్తినప్పుడు మఱల ముడుచుకొనును. ఈ కదలిక కాలిలోని రక్తమును పైకి పంపుటకు తోడ్పడును. కట్టివేసిన గుఱ్ఱమునకు కాళ్ళు వాచును. ప్రేగులు మందగించి శూల కలుగును. గుఱ్ఱము వాంతి చేసికొనజాలదు. కావున దానికి శూల ప్రాణాంతకము కావచ్చును. గదిలో ఒంటరిగ నుంచిన గుఱ్ఱము కొయ్యను కొఱుకుట, గంటల తరబడి తల నటు నిటు నూపుట మొదలగు అలవాట్లకు లోనగును. చూచువారు దానిని ఆట యనుకొందురు. అది ఆట కాదు, బంధింపబడిన జీవుని విసుగు.

ఇంకొక జబ్బు కలదు. పూర్వము పాశ్చాత్య దేశములలో బండ్లు లాగు గుఱ్ఱములకు ఆదివారము సెలవు. ఆ దినము పని యుండదు గాని దాణా మాత్రము పని దినములందువలెనే నిండుగ పెట్టెడివారు. సోమవారము ఉదయమున బండికి కట్టి కొంతదూరము పోవుసరికి గుఱ్ఱము నిలిచిపోవును. వెనుక భాగపు కండలు కొయ్యవలె బిగియును. చెమటలు క్రమ్మును. మూత్రము నల్లబడును. దీనికి వారు సోమవారపు జబ్బని పేరు పెట్టిరి. అన్నము తక్కువై వచ్చిన జబ్బు కాదిది. పని లేని దినమున అన్నము తగ్గింపక, మఱునాడు ఒక్కసారిగ పరుగెత్తించుటచేత వచ్చునది. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని మన సామెత. దాణాకు తక్కువ లేకుండుటయే కొన్నిసార్లు అపకారమగునని ఆ సామెత చెప్పినవారికి తెలియునో లేదో గాని, గుఱ్ఱములతో బ్రతుకు వారికి తెలియును.

జరిగినది

గుఱ్ఱమును త్రిప్పు కుఱ్ఱవాడు శ్రీకాకుళము వైపువాడు. అక్క పెండ్లికని ఐదు దినములు ఊరికి పోవలసివచ్చెను. పోవుటకు ముందు లాయమువారికి చెప్పెను. నా మేనల్లునకు ఫోనులో చెప్పెను. లాయమువారు సరే యనిరి. గుఱ్ఱమును త్రిప్పుట తమతో చేసికొన్న ఒప్పందములో లేదు గనుక ఆ విషయము వారు తలపెట్టలేదు. మేనల్లుడును సరే యనెను. రేవున ఓడ నిలిచియున్నది. అతని మనసు దాని మీద నున్నది. నాలుగు దినములు గుఱ్ఱము గది దాటలేదు. దాణా మాత్రము వేళకు నిండుగ పడెను.

ఐదవ దినము ఆదివారము. నేనును మేనల్లుడును లాయమునకు పోయితిమి. గుఱ్ఱము నిలువలేక నేలను త్రొక్కుచుండెను. "నాలుగు దినముల నడక బాకీ యున్నది" అని మేనల్లుడు నవ్వి, అచ్చటి పనివాని నొకని నెక్కించి దౌడు తీయించెను. కొంతసేపటికి గుఱ్ఱము నిలిచిపోయెను. వెనుకకాళ్ళు బిగిసినవి, మేనంతయు చెమట. "మొండికెత్తినది, రెండు తగిలించు" అని మేనల్లుడు కేకవేసెను. రెండు దెబ్బలు పడినవి. నేను ప్రక్కన నిలిచి చూచుచుంటిని. ఒక్క మాటయు ఆడలేదు. తరువాత అది విడిచిన మూత్రము కాఫీ కషాయపు రంగున నుండెను. అప్పుడు గాని మాకు భయము పుట్టలేదు.

పశువైద్యుడు వచ్చి, దానిని ఒక్క అడుగైనను కదలింపవలదని చెప్పి, వైద్యము మొదలుపెట్టెను. గుఱ్ఱము బ్రతికినది. కాని మఱల నిబ్బరముగ నడచుటకు నెలలు పట్టినది. మునుపటి దౌడు దానికి రాలేదు.

మఱునాడు కుఱ్ఱవాడు పెండ్లి పసుపుబట్టలతోనే వచ్చెను. మేనల్లుడు వాని నెల జీతమున సగము కోసెను. "నీవు పోబట్టియే ఇది జరిగినది" అనెను. ఇంటి పెద్దనని నన్ను మధ్య నిలిపిరి. నేను కుఱ్ఱవానిని అడిగితిని. వాడు గుఱ్ఱము మెడపై చేయి తీయకుండగనే ఇట్లనెను: "నాను సెప్పినాను బాబూ. నాను నేని దినాలు దాణా సగానికి తగ్గించండి, తాడట్టుకుని రెండు పూట్లా కాస్త నడిపించండి అని సెప్పినాను. సరే అన్నారు." నేను మేనల్లుని వైపు చూచితిని. అతడు తల వంచుకొనెను. కుఱ్ఱవాడు చెప్పినమాట నిజము. ఇతడు విన్నాడు, కాని మనసున పెట్టలేదు.

లెక్క సరిపోయినదని చెప్పినవాడను నేను. నిజముగనే ఎవరి లెక్క వారికి సరిపోయినది. మేనల్లుడు జీతమిచ్చెను. లాయమువారు దాణా పెట్టిరి. కుఱ్ఱవాడు సెలవు చెప్పి పోయెను. అందరి లెక్కలును సరిపోగా గుఱ్ఱము మాత్రము నిలువునా కూలబడినది. ఇట్టి లెక్కలో ఏదో విడిచిపోయినది. దానిని వెదకుటయే ఇక మన పని.

మొదటి పక్షము: త్రిప్పలేనివాడు కొననేల?

కొందరందురు: "తన గుఱ్ఱమును తాను త్రిప్పలేనివాడు దానిని ఉంచుకొనుటయే తప్పు. కూలివానిని పెట్టుట ఆ తప్పును కప్పిపుచ్చుట." ఈ మాటలో కొంత నిజము కలదు. ముచ్చటకు కొని, ముచ్చట తీరినపిమ్మట విడిచివేయుట పాపమే. జీవమున్నదానిని కొనునప్పుడు మన ముచ్చట ఎన్నాళ్ళుండునని గాక, దాని ఆయుస్సెంత యని అడుగవలెను. గుఱ్ఱము ఇరువదియైదు సంవత్సరములు బ్రతుకగలదు. బాలిక చదువునకు పోవునని రెండేండ్లకు ముందే తండ్రి ఊహింపదగినది.

కాని పరులచేత త్రిప్పించుటయే దోషమనుట సరికాదు. భారతమున నకులుడు విరాటుని కొలువున దామగ్రంథి యను పేర పరుని గుఱ్ఱములను పాలించెను. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని గుఱ్ఱములను తోలెను. ఋతుపర్ణుడు తనకు తెలియని అశ్వహృదయమును ఆ సేవకునినుండి నేర్చుకొని, తనకు తెలిసిన అక్షహృదయమును వానికి నేర్పెను. సైంధవ వధ జరిగిన దినమున, యుద్ధము నడుమ గుఱ్ఱములు దప్పిగొని బాణములచే నొచ్చియుండగా, అర్జునుడు బాణముతో నేల చీల్చి నీరు పుట్టించెను. కృష్ణుడు వానిని విప్పి, గ్రుచ్చుకొన్న బాణములను తీసి, ఒడలు నిమిరి, నీరు త్రాగించి, మేత పెట్టెను. పరుని గుఱ్ఱమునకు సేవచేయుట కృష్ణునకు తక్కువ కాలేదు. కాని ఒకటి గమనింపుడు. గుఱ్ఱములు అలసినవని తెలియగనే అర్జునుడు రథము దిగెను. "సారథివి నీవున్నావు గదా" యని ఊరకుండలేదు.

అంతేకాదు. తెలియనివాడు తానే త్రిప్పుట కంటె తెలిసినవానిచేత త్రిప్పించుట గుఱ్ఱమునకు మేలు. సొంతదారునకు జ్వరము వచ్చినను, ప్రయాణమున్నను గుఱ్ఱము కాళ్ళకు సెలవు లేదు. అట్టి దినములకు మఱియొక చేయి ఏర్పఱచుట దోషము కాదు సరిగదా, విధియే యగును. గుఱ్ఱమునకు కావలసినది సొంతదారుని చేయి కాదు, ఎఱిగిన చేయి. కావున మొదటి పక్షము నిలువదు.

రెండవ పక్షము: కూలి యిచ్చితిని, నా బాధ్యత తీరినది

ఇది నేను చెప్పిన మాట. మన పట్టణమున ఈ మాటకు బలమెక్కువ. ఇచ్చట ఓడరేవున గాని, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారమున గాని ఎంతో పని ఒప్పందము మీద నడచును. ఒప్పందమున వ్రాసినది చేసితిమా లేదా యనునదే ప్రశ్న. ఇనుపఖనిజమునకు ఈ పద్ధతి చాలును. ఖనిజమునకు ప్రాణము లేదు. నాలుగు దినములు ఆలస్యమైనచో దానికి కండలు బిగియవు. ప్రాణమున్నదాని విషయమున ఒప్పందము ఎంత జాగ్రత్తగ వ్రాసినను ఎచ్చటనో ఒక సందు మిగులును. ఆ సందున నిలువవలసినవాడు సొంతదారుడే.

మన శాసనము కూడ ఇదే చెప్పుచున్నది. జంతువులపై క్రూరత్వ నివారణ చట్టము 1960లో వచ్చెను. ఎల్లప్పుడు గొలుసుతో కట్టి యుంచిన కుక్కను సొంతదారు తగినట్లు త్రిప్పుట గాని త్రిప్పించుట గాని చేయనిచో దోషియని ఆ చట్టము పలుకుచున్నది. త్రిప్పించుటకు అనుమతి కలదు. గుఱ్ఱము పేరు ఆ మాటలో లేదు. కుక్క పేరు మాత్రమే కలదు. కాని అదే చట్టమున వేఱొక చోట, జంతువు నెవరి సంరక్షణమున నుంచిరో వారందరును దాని క్షేమమునకు తగిన చర్యలు తీసికొనవలెననియు, తగిన జాగ్రత్తతో పర్యవేక్షింపని సొంతదారుడు తానే ఆ నేరము చేసినట్లు ఎంచబడుననియు కలదు. అనగా పని చేతులు మారవచ్చును. పూచీ చేతులు మారదు. పూచీ ఒకరినుండి ఇంకొకరికి పోవునది కాదు, పని పంచుకొన్న ప్రతివానికిని క్రొత్తగ పుట్టునది.

చరిత్రలో దీనికొక గొప్ప నిదర్శనము కలదు. పదమూడవ శతాబ్దమున దక్షిణదేశపు రాజులు అరబ్బు, పారశీక రేవులనుండి గుఱ్ఱములను విస్తారముగ తెప్పించుచుండిరి. కాకతి గణపతిదేవుడు సముద్రవర్తకులకు అభయమిచ్చి మోటుపల్లి రేవున శాసనము వేయించిన కాలమది. ఆ శతాబ్దము చివర ఈ తీరములకు వచ్చిన మార్కో పోలో తమిళదేశపు రాజులను గూర్చి వ్రాయుచు, ఒక్కొక్క రాజు ఏటేట రెండువేల గుఱ్ఱములను కొనుననియు, ఏడాది తిరుగుసరికి వానిలో నూఱైనను మిగులవనియు చెప్పెను. పాలించు తెలివి లేక అవి చచ్చిపోవుచుండెనట. గుఱ్ఱపు వైద్యమెఱిగినవారిని వర్తకులు వెంట రానిచ్చెడివారు కారట. గుఱ్ఱములు చచ్చినకొలది వారికి బేరము. రాజులకు ధనము లేక కాదు, సేవకులు లేక కాదు. కొన్నదానిని ఎఱుగవలెనను తలంపు లేక.

సొంతదారునకు మిగిలిన పని

పై రెండు పక్షములును పోగా తేలినదిది: పనిని అప్పగింపవచ్చును, ఎఱుకను అప్పగింపరాదు. నడిపించు శ్రమ పరునిది కావచ్చును. నడచినదా లేదా, ఎట్లు నడచినది, రేపు ఎవరు నడిపింతురు అను చింత సొంతదారునిది. ఈ చింతను కూడ కూలికిచ్చితిమా, ఇక మనము సొంతదారులము కాము. డబ్బు చెల్లించు దారినపోవువారము మాత్రమే.

ఈ ఎఱుక ఎట్లు నిలుచును? నాకు తోచినవి మూడు మార్గములు. మొదటిది, అప్పుడప్పుడైనను ఆ పని స్వయముగ చేయుట. స్వారి రానివాడు పగ్గము పట్టి నడిపింపవచ్చును. డెక్కలోని రాళ్ళు తీయవచ్చును. కాళ్ళు తడిమి వాపున్నదేమో చూడవచ్చును. రోజును త్రిప్పువాని శ్రమ యెంతటిదో అప్పుడు తెలియును. రెండవది, త్రిప్పువాని మాటకు విలువ యిచ్చుట. గుఱ్ఱమునకు నోరు లేదు; దానికి వాడే నోరు. వాని మాట పెడచెవిని పెట్టుట గుఱ్ఱము మాటను పెడచెవిని పెట్టుటయే. మా మేనల్లుడు జీతము సరిగ నిచ్చుచుండెను. వాని చేతులకు వెల కట్టెను గాని వాని తెలివికి చెవి యియ్యలేదు.

మూడవది జీతము. మేనల్లుడు త్రిప్పిన దినములకే జీతమనుకొనెను. మా పోర్టు చరిత్ర తెలిసినవారికి ఇది సరికాదని తెలియును. ఒకప్పుడు ఓడ వచ్చిన దినమే కళాసీకి కూలి. ఓడ రానిచో పస్తు. 1948 నాటి డాక్ కార్మికుల చట్టము క్రింద ఏర్పడిన పథకములలో, పని లేకున్నను హాజరైన దినమునకు కొంత సొమ్ము ఇయ్యవలెనను నియమము వచ్చెను. పని వచ్చునప్పుడు సిద్ధముగ నుండుటయు ఒక పనియే యని అందరు గుర్తించిరి. తుపాను దినమున గుఱ్ఱమును బయటికి తీయుట కాదని నిర్ణయించిన కుఱ్ఱవాడును ఆ దినము పని చేసినట్లే. ఆ నిర్ణయమే వాని పని. జీతము కోయుదురను భయమున్నచో వాడు జారు నేలపై గుఱ్ఱమును దౌడు తీయించును. "నేడు వద్దు" అని చెప్పు స్వాతంత్ర్యము కూడ జీతములో చేరియుండవలెను.

గుఱ్ఱము లేని పాఠకులు ఇదంతయు మనకెందుకని యనుకొనవచ్చును. విశాఖలో రామకృష్ణా బీచికి సాయంకాలము పోయినవారు అచ్చటి గుఱ్ఱములను చూచియే యుందురు. బిడ్డను జీను మీద కూర్చుండబెట్టి, డబ్బిచ్చి, ఇసుకలో కొంతదూరము త్రిప్పించియు నుందురు. ఆ కొన్ని నిమిషములు ఆ గుఱ్ఱము మీ పనిలోనున్నది. లాయములోని గుఱ్ఱమునకు నడక తక్కువైనది. బీచిలోని గుఱ్ఱమునకు ఎక్కువ కావచ్చును. దాని నోట నురుగున్నదా, వీపున జీను ఒరసిన పుండున్నదా, నీరు త్రాగి ఎంతసేపైనది అని ఒక్క ప్రశ్న అడిగి, అలసినదన్నచో "రేపెక్కుదములే తల్లీ" అని బిడ్డను దింపుకొనిపోవుట మన వంతు. డబ్బిచ్చితిమి గనుక అడుగుటకు అధికారము కలదు; డబ్బిచ్చితిమి గనుకనే అడుగవలసిన విధియు కలదు.

ఒక కఠినమైన మాట

ఇంతవఱకు చెప్పినది సులభము. ఇంకొకటి కలదు. సెలవులకు నా మనుమరాలు ఇంటికి వచ్చెను. లాయమునకు పరుగెత్తి గుఱ్ఱమును పేరుపెట్టి పిలిచెను. అది చెవులు నిక్కించి చూచెను గాని, కదలి కుఱ్ఱవాని భుజము వైపే తల చాచెను. ఇది జబ్బు పడుటకు ముందటి మాట. పిల్ల కన్నుల నీరు నిండెను. "తాతయ్యా! అది నన్ను మఱచిపోయినది" అనెను. నేను ఏమేమో చెప్పి ఊరడించితిని. కాని అది మఱువలేదు. తన్ను నిత్యము తాకినవానిని తెలిసికొన్నది. అంతే.

నాకు అప్పుడు నా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. ఆయన పక్షవాతముతో మూడేండ్లు మంచమున నుండిరి. నాకు పోర్టులో షిఫ్టు పని. ఒక మనిషిని జీతమునకు పెట్టితిమి. అతడు ఆయనను ఎత్తి కూర్చుండబెట్టి, చేయి పట్టి వసారాలో నడిపించుచుండెను. చివరి దినములలో తండ్రిగారు నీరు కావలసినప్పుడు నన్ను గాక అతనిని పిలిచెడివారు. నేను ప్రక్క గదిలోనే యుండి వింటిని. నాకు కోపము వచ్చెను. ఆ కోపమును ఆ మనిషి మీద చూపితిని. మఱునాడు ఆలస్యముగ వచ్చినాడని జీతము కోసితిని. ముప్పది సంవత్సరముల తరువాత లాయములో మేనల్లుడు జీతము కోయుచుండగా నేను తలయెత్తి చూడలేకపోవుటకు కారణ మదియే.

డబ్బిచ్చి శ్రమను కొనవచ్చును. ఆ శ్రమ వలన పుట్టు మమకారము కొన్నవానిది కాదు, శ్రమించినవానిది. దానికి అసూయ పడుట అన్యాయము. నేను అప్పగించితిని, అతడు ప్రేమించెను, తండ్రిగారు అతనిని పిలిచిరి. ఇందు నా సొత్తును ఎవరును దొంగిలింపలేదు. పరులచేత చేయింపనెంచువాడు ఈ నష్టమును ముందే ఎఱిగి, ఓర్చుకొనుటకు సిద్ధపడవలెను. ఓర్వలేనిచో వేళ చేసికొని తానే చేయవలెను. మూడవ దారి లేదు.

కాయకము ఎవరిది?

ఇక కుఱ్ఱవాని సంగతి. కాకతీయుల శాసనములలో సాహిణి యను బిరుదు కానవచ్చును. అశ్వసేనలను నడపిన అధికారుల బిరుదమది. మనుమంచి భట్టు తెలుగున పద్యములలో అశ్వశాస్త్రమునే రచించెను. గుఱ్ఱము నెఱుగుట అట్టి గౌరవమైన విద్య. నేడు ఆ విద్య గలవానిని మనము "ఒరే" యని పిలిచి, వాని పేరు కూడ అడుగము.

శరణులు కాయకమును చేయు పనిని బట్టి తూచలేదు. అంబిగర చౌడయ్య పడవ నడపెను. మడివాలు మాచయ్య బట్టలుతికెను. నులియ చందయ్య త్రాళ్ళు పేనుటకు చెఱువులో గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినను పని నిలుపలేదని కథ కలదు. వీరందరును పరులకొఱకు పనిచేసినవారే. పరుల గుఱ్ఱమును శ్రద్ధగ త్రిప్పువానిది వారి త్రోవయే. వానికి మనమిచ్చునది భిక్ష కాదు, దయ కాదు. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు కావలసినదానికంటె ఎక్కువ బియ్యము ఏఱి తేగా, భార్య లక్కమ్మ దానిని తిరిగి పోసి రమ్మనెను. తనది కానిది గింజయైనను ఇంట నుండరాదని ఆమె పట్టుదల. మనము కోసికొన్న జీతము కూడ మనది కాని బియ్యమే. అది మన యింట నుండరాదు.

ముగింపు

ఈ మాటలను నేను మేనల్లునకు కొంత ఆలస్యముగ చెప్పితిని. నా తండ్రిగారి సేవకుని కథ కూడ దాచక చెప్పితిని. అతడు విని, కోసిన జీతము తీసికొని పోయి కుఱ్ఱవాని చేతిలో పెట్టి, తప్పు నాదని యొప్పుకొనెను. వాడు సొమ్ము తీసికొనెను. కాని పనికి మఱల రాలేదు. ఊరికి పోయి వేఱొక పని చూచుకొనెను. పోవునప్పుడు గుఱ్ఱమునకు ఒక్కసారి మాలీషు చేసి, దాణా ఎంత పెట్టవలెనో, నడక ఎంత యుండవలెనో లాయమువారికి మఱల చెప్పిపోయెనని తెలిసినది. జీతమును తిరిగి యిచ్చుట సాధ్యమైనది గాని మనిషిని తిరిగి తెచ్చుట సాధ్యము కాలేదు.

ఇప్పుడు వేఱొక కుఱ్ఱవాడున్నాడు. మేనల్లుడు వానికి కూలి ఇచ్చుచునే యున్నాడు. అది తప్పని నేను ఇప్పటికిని అనను. కాని వారమునకు రెండు ఉదయములు తానే పోయి, పగ్గము పట్టి గుఱ్ఱమును ఇసుకత్రోవలో నడిపించుచున్నాడు. ఆ కుఱ్ఱవాడు సెలవడిగినచో ముందు తన పంచాంగము చూచుకొని, "ఆ దినములు నేను వచ్చెదను; దాణా ఎంత పెట్టవలెనో చెప్పు" అని అడుగుచున్నాడు. నేనును ఒక్కొక్కప్పుడు వెంట పోవుదును. నాకు నడచు శక్తి తక్కువ; గుఱ్ఱమును ఇప్పుడు మెల్లగనే నడచును. కావున మా యిరువురకు సరిపోవును.

ఇతరుల చేతి కళ్ళెము నిచ్చునప్పుడు మన చేతిలో ఏమి మిగిలినదో చూచుకొనుడు. ఏమియు మిగులనిచో ఇచ్చినది కళ్ళెము కాదు, ధర్మమును.

శరణు శరణార్థి.